కిట్టెల్సెన్ బొమ్మల కోసం నార్వే వెళ్తే: మ్యూజియం బాగుంది, బసే ముంచింది

బస సంగతి ముందు చెప్పేస్తాను, లేకపోతే కడుపుమంట చల్లారేలా లేదు. నార్వే చిత్రకారుడు కిట్టెల్సెన్ మ్యూజియం ఉన్న మోడుమ్ దగ్గర ఒక చెక్క క్యాబిన్ బుక్ చేసుకున్నాం. రాత్రికి 1,150 క్రోనర్లు. నార్వేలో ఇంత చవగ్గానా అని మురిసిపోయాం. తాళం చేతికొచ్చాక అసలు లెక్క మొదలైంది. మంచాల మీద ఉత్త పరుపులు. దుప్పటి, దిండు గలీబు, తువ్వాలు కావాలంటే మనిషికి 160, ముగ్గురికి 480. స్నానాల గది ఎక్కడో దూరంగా ఉంది. 20 క్రోనర్ల టోకెన్ వేస్తే ఐదు నిమిషాలు వేడినీళ్లు వస్తాయి. తల మీద సబ్బు నురగ ఉండగానే నాకు నీళ్లు ఆగిపోయాయి. ఖాళీ చేసేటప్పుడు మనమే ఊడ్చి తుడవాలట, లేదంటే క్లీనింగ్‌కి ఇంకో 700. అదేమిటని అడిగితే రిసెప్షన్‌లో అమ్మాయి ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "ఇక్కడ అంతే" అంది. మా ఆవిడ పల్లెత్తు మాట అనకుండా చీపురు అందుకుంది. తిట్టినా బాగుండేది.

ఆ దేశంలో క్యాబిన్లలో ఈ పద్ధతి మామూలేనని తర్వాత తెలిసింది. కాబట్టి దుప్పట్లు మోసుకెళ్లండి, లేదా ఇవన్నీ కలిపి చూసుకుని హోటల్‌తో పోల్చండి. చాలా హోటళ్లలో పొద్దున టిఫిన్ కూడా గది అద్దెలోనే వస్తుంది.

ఓస్లో నుంచి ప్రయాణం హాయిగా సాగింది, చెప్పుకోడానికేమీ లేదు.

ఇక మ్యూజియం. థియోడోర్ కిట్టెల్సెన్ (1857–1914) నార్వే జానపద కథలకు రూపం ఇచ్చిన చిత్రకారుడు. అక్కడివాళ్లు ట్రోల్ (కొండల్లో, అడవుల్లో ఉండే కథల రాక్షసి) అనగానే ఊహించుకునేది ఇతను గీసిన ట్రోల్‌నే. మ్యూజియం బ్లోఫార్వెవెర్కెట్‌లో భాగం. అది 1776లో మొదలైన కోబాల్ట్ నీలిరంగు కర్మాగారం, 1898లో మూతపడింది. కోబాల్ట్ గనుల్లోకి కూడా తీసుకెళ్తారు, స్వెట్టర్ మర్చిపోవద్దు.

కిట్టెల్సెన్ బొమ్మల ముందు తొందరపడకూడదు. ముందు అడవి మాత్రమే కనిపిస్తుంది. కాసేపు చూస్తే కొండ అనుకున్నది ట్రోల్ భుజమవుతుంది, పైన్ చెట్లు దాని తల మీదే మొలిచి ఉంటాయి. "నాన్నా, దీనికి కళ్లున్నాయి!" అని మావాడు అరిస్తే పక్కనున్న పెద్దావిడ నవ్వేసింది. అంతవరకూ ముఖం ముడుచుకుని ఉన్న మా ఆవిడ కూడా.

షాపులో మాత్రం మావాడికి భయం పట్టుకుంది. ప్లేగు మహమ్మారి మీద కిట్టెల్సెన్ 1900లో వేసిన పుస్తకం అక్కడ తిరగేశాం. అందులో ప్లేగు పేరు పెస్టా, ఒక ముసలిది. ఊళ్లోకి గడ్డి లాగే పళ్లున్న కర్ర (రేక్) పట్టుకుని వస్తే కొందరు పళ్ల సందుల్లోంచి తప్పించుకుంటారు. చీపురు పట్టుకుని వస్తే ఎవరూ మిగలరు. మెట్లెక్కి వస్తూ అది మనకేసి తల ఎత్తి చూసే బొమ్మ ఒకటుంది. చిన్నపిల్లలకి చూపించకండి, ఆ రాత్రి మావాడు లైటు ఆర్పనివ్వలేదు.

ఒక్క అసంతృప్తి. నీటి భూతం కళ్లు మాత్రం పైకి పెట్టి చూసే "నోకెన్" (1904) ఇక్కడ కాదు, ఓస్లో నేషనల్ మ్యూజియం సేకరణలో ఉంది. కాబట్టి కిట్టెల్సెన్ కోసమే వెళ్లేవాళ్లు ఓస్లోకీ ఒక పూట పెట్టుకోండి.

కారు ఉంటే సిగ్దాల్‌లోని లౌవ్‌లియా వదలొద్దు. సోనెరెన్ సరస్సు పక్కన 1899 నుంచి 1910 వరకు కిట్టెల్సెన్ కాపురమున్న ఇల్లు. గోడలకీ తలుపులకీ రంగులు, చెక్కడాలు అన్నీ తన చేతి పనే. బయట నిలబడితే ఆండర్స్‌నాటెన్ కొండ ఎదురుగా ఉంటుంది. అది చూశాక ట్రోల్స్ ఎక్కణ్ణుంచి వచ్చాయో వేరే చెప్పక్కర్లేదు. అక్కడ జామ్, పుల్లటి క్రీమ్ వేసుకుని తిన్న వాఫెల్ ఒక్కోటి 60 క్రోనర్లు, మూడు తిన్నాను.

రెండు చోట్లా సందర్శకుల సీజన్ వేసవే, తేదీలు చూసుకుని బయల్దేరండి. ఒక్కదానికే టైముంటే లౌవ్‌లియాకే నా ఓటు. మా ఆవిడ మాత్రం మ్యూజియమే అంటోంది.