నెలకో పుస్తకం, నలభైమంది చదువరులు: ఆరేళ్ల తర్వాత నా మాట

విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్టు దగ్గర పరిచయమైన ఓ మాస్టారు 2019లో నన్ను తెలుగు పుస్తకాలు కలిసి చదివే ఈ వాట్సాప్ గ్రూపులో కలిపారు. అప్పటి నుంచి ఒక్క నెల కూడా తప్పలేదు. చేరమంటారా అని ఈ మధ్య తెలిసినవాళ్లు అడుగుతున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నెలకి ఒక పుస్తకం. ఈ వారం ఫలానా పేజీ దాకా అని ముందే చెబుతారు, అంతవరకే మాట్లాడాలి. ముందుకెళ్లి చదివేసినవాళ్లు కథ బయటపెట్టకూడదు. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి గూగుల్ మీట్‌లో గంటన్నర కూర్చుంటాం. గుడ్ మార్నింగులు, ఫార్వర్డులు నిషేధం. ఈ ఒక్క నియమం వల్లే గ్రూపు ఇన్నాళ్లు నిలబడిందని నా నమ్మకం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది యాస దగ్గర జరిగే ముచ్చట. ఒకసారి ఉత్తరాంధ్ర కథలు చదువుతున్నాం. అందులో ఒకామె ‘గుంట నిద్రపోయింది’ అంటుంది. బెజవాడలో పుట్టి పెరిగిన నాకు గుంటంటే నేలలో గొయ్యే. ఆ మాట దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. గ్రూపులో అడిగితే శ్రీకాకుళం ఆవిడ ఒకరు ‘మా వైపు గుంటంటే పిల్లండీ’ అని చెప్పి, ఆ పేజీ మొత్తం చదివి వాయిస్ పంపారు. నేను చదువుకున్నప్పుడు మొరటుగా అనిపించిన మాటలు ఆవిడ నోట ఎంత ముద్దుగా ఉన్నాయో! మూడుసార్లు విన్నాను. అప్పటి నుంచి ఏ ప్రాంతం కథైతే ఆ ప్రాంతం వాళ్లు మొదటి పేజీ చదివి వినిపించడం ఆనవాయితీ అయింది. ఒక్కడినే కూర్చుని చదువుకుంటే ఇది నాకు దక్కేది కాదు.

ఇబ్బందల్లా పుస్తకాలు దొరకడంలోనే. కాపీలు అయిపోతే మళ్లీ ఎప్పుడు అచ్చేస్తారో తెలియదు. ఏలూరు రోడ్డు షాపులన్నీ తిరిగినా మూడే కాపీలు దొరికిన నెలలున్నాయి. అలాంటప్పుడు పుస్తకం స్కాన్ చేసి గ్రూపులో పెట్టమనే పీడీఎఫ్ గొడవ మొదలవుతుంది. మన దేశంలో రచయిత పోయాక కూడా 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. ఆ గడువు దాటినవాటి స్కాన్లే పెట్టాలని 2021లో గట్టిగా అనుకున్నాం. కోపమొచ్చి కొందరు వెళ్లిపోయారు, అందులో బాగా చదివేవాళ్లూ ఉన్నారు, ఆ బాధ నాకు ఇంకా ఉంది. అయినా నేను ఆ నియమం పక్షమే. తెలుగులో రాసేవాళ్లకి చేతికొచ్చేది అసలే అంతంతమాత్రం.

దానికి బదులు దొరికిన కాపీలనే పోస్టులో ఒకరి నుంచి ఒకరికి తిప్పుతున్నాం. 1935లో పెదపులివర్రు అనే ఊళ్లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు పుస్తకాల్ని పడవకెక్కించి కాలవ వెంట ఊళ్లకు పంపిన సంగతి చెప్పి, ఈ ఆలోచన ఇచ్చింది మా మాస్టారే. చదివినవాళ్లు అట్ట లోపలివైపు ఊరి పేరు, తేదీ రాయాలి. కిందటి వేసవిలో నా చేతికొచ్చిన నవల మీద తెనాలి, పలమనేరు, ఖమ్మం, బొబ్బిలి వరసగా ఉన్నాయి. దాని కింద విజయవాడ అని రాస్తుంటే కలిగిన సంతోషం కొత్త పుస్తకం కొన్నప్పుడు కూడా కలగలేదు.

కొత్తగా చేరేవాళ్లు మొదటి రెండు నెలలు ఊరికే విన్నా ఎవరూ ఏమీ అనరు. చదవకుండా అభిప్రాయం చెబితే మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. నెలలో నాలుగైదు పుస్తకాలు పూర్తిచేసే వేగం ఉన్నవాళ్లకి ఈ నడక విసుగనిపిస్తుంది, వాళ్లకి నేను సిఫారసు చేయను.

2025 జనవరిలో పుస్తక మహోత్సవానికి ఇందిరాగాంధీ స్టేడియంలో పదకొండుమందిమి కలిశాం. గొంతులు బాగా తెలుసు, మనుషుల్ని చూడటం చాలామందికి అదే మొదలు. స్టాళ్లు తిరగడం మానేసి గేటు దగ్గరే గంటసేపు నిలబడిపోయాం. శ్రీకాకుళం ఆవిడ తన మనవరాలిని నా ముందుకు తోసి, ‘ఇదేనండీ మా గుంట’ అన్నారు.