శాండీగేట్ వాలు మీద ఒక శనివారం

ఇంగ్లండులో ఫుట్‌బాల్ మైదానాలను ఒక్కొక్కటిగా తిరిగి చూడటాన్ని గ్రౌండ్ హాపింగ్ అంటారు. పంచారామాలలో నాలుగింటిని దర్శించుకున్నవారికి అయిదోది చూసేదాకా మనసు ఊరుకోనట్టే, ఈ అలవాటు పడ్డవారికి చూడవలసిన మైదానం ఒకటి మిగిలి ఉంటే శనివారం ఇంట్లో కూర్చోబుద్ధి కాదు. గోపురం చూసి వెనక్కి వస్తే దర్శనం అయినట్టు కాదు కదా, అలాగే ఆట జరగని రోజున మైదానం చుట్టూ తిరిగి వస్తే అది లెక్కలోకి రాదు. పై నాలుగు శ్రేణుల్లోని 92 క్లబ్బుల మైదానాలన్నీ చూసినవారికి ఇక్కడ ఒక సంఘమే ఉంది. మేము నలుగురు మిత్రులం మాత్రం ఆ 92 జోలికి పోకుండా, వాటికి దిగువన ఉండే నాన్ లీగ్ క్లబ్బుల వెంట తిరుగుతున్నాం. పెద్ద క్లబ్బు ఆటకు టికెట్టు దొరకడమే గగనం, దొరికినా ఆటగాళ్ళు ఎక్కడో కింద బొమ్మల్లా కనబడతారు. నాన్ లీగ్‌లో మనకూ ఆటకూ మధ్య నడుము ఎత్తు ఇనుప కమ్మీ తప్ప మరేమీ ఉండదు.

అక్టోబరులో ఒక శనివారం మేము షెఫీల్డ్ వెళ్ళాం. ప్రపంచంలోకెల్లా పాత ఫుట్‌బాల్ క్లబ్బూ, ప్రపంచంలోకెల్లా పాత ఫుట్‌బాల్ మైదానమూ రెండూ ఆ ఊరి చుట్టుపక్కలే ఉన్నాయి, అయితే రెండూ ఒకే క్లబ్బు సొత్తు కావు. పాత క్లబ్బు షెఫీల్డ్ ఎఫ్.సి., పుట్టింది 1857 అక్టోబరు 24న. పాత మైదానం శాండీగేట్, అది హాలమ్ ఎఫ్.సి. ఇల్లు. మాలో ఒకరు కాకినాడ నుంచి వచ్చి ఇక్కడి ఆసుపత్రిలో పనిచేస్తున్న వైద్యుడు, ఒకరు షెఫీల్డ్‌లోనే ఎం.ఎస్. చదివిన వరంగల్ మిత్రుడు, మూడో ఆయన ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన నా సహోద్యోగి. ఈయన లేకపోతే మా ప్రయాణంలో సగం రుచి తెలిసేది కాదు.

మాంచెస్టర్ పికడిల్లీ నుంచి షెఫీల్డ్‌కు రైలులో సుమారు 50 నిమిషాలు పడుతుంది. హోప్ లోయ గుండా పోయే ఆ దారి కోసమే ఒకసారి ఆ రైలు ఎక్కవచ్చు. రెండు వైపులా రాతి గోడల మధ్య గొర్రెలు మేసే పచ్చిక కొండలు, చివర్లో అయిదున్నర కిలోమీటర్లకు పైగా సాగే టాట్లీ సొరంగం, అది దాటగానే ఊరు. మేము శుక్రవారం సాయంత్రమే బయలుదేరి స్టేషనుకు నడక దూరంలో ఒక చవక హోటలులో రాత్రి బస చేశాం. గది శుభ్రంగానే ఉంది కానీ హీటరు పనిచేయలేదు. రెండుసార్లు కిందికి వెళ్ళి అడిగితే చివరికి అదనపు దుప్పట్లు ఇచ్చారు తప్ప గది మార్చలేదు. ఉదయపు ఫలహారానికి వేరే డబ్బు కట్టించుకుని చల్లారిన బీన్సు, రొట్టె పెట్టారు. మాంచెస్టర్, లీడ్స్‌ల నుంచి వచ్చేవారు ఈ ఖర్చు పెట్టుకోనక్కరలేదని, తెల్లవారి రైలుకు వస్తే చాలునని నా అభిప్రాయం. లండన్ నుంచి రావాలంటే రెండు గంటలకు పైగా ప్రయాణం కాబట్టి, ఆ దూరం నుంచి వచ్చేవారికి మాత్రం ఒక రాత్రి బస అవసరమే.

శనివారం ఉదయం ముందుగా డ్రాన్‌ఫీల్డ్ వెళ్ళాం. ఇది షెఫీల్డ్‌కు దక్షిణాన, డార్బీషైర్ సరిహద్దు దాటగానే వచ్చే చిన్న పట్టణం. రైలులో పది నిమిషాలు, అక్కడి నుంచి షెఫీల్డ్ రోడ్డు వెంట దాదాపు అరగంట నడక. కోచ్ అండ్ హార్సెస్ అనే పబ్బును ఆనుకుని షెఫీల్డ్ ఎఫ్.సి. మైదానం ఉంది. 2001లో ఈ క్లబ్బు ఇక్కడికి చేరింది. అంతకుముందు ఔలర్టన్, డాన్ వ్యాలీ వంటి పరాయి మైదానాల్లో కాలం గడిపింది. లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడటానికి ఆరేళ్ళ ముందే పుట్టి, 1858లోనే ఆటకు తన నియమాలు తాను రాసుకుని, 2004లో రియల్ మాడ్రిడ్‌తో పాటు ఫిఫా ఆర్డర్ ఆఫ్ మెరిట్ అందుకున్న క్లబ్బుకు తన ఊరి పొలిమేర లోపల సొంత మైదానం లేకపోవడం చూస్తే మనసు చివుక్కుమంది. చేతిరాతలో ఉన్న ఆ తొలి నియమాలతో సహా పాత కాగితాలను 2011లో సోదబీస్ వేలంలో 8,81,250 పౌండ్లకు అమ్మవలసి వచ్చింది. భవిష్యత్తు కోసం గతాన్ని అమ్ముకున్న ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టలేను, ఎందుకంటే గేటు రాబడి మీద బతికే క్లబ్బుకు పైకప్పు బాగుచేయించుకోవడమే పెద్ద ఖర్చు. ఆ రోజు అక్కడ ఆట లేదు కాబట్టి మైదానాన్ని బయటి నుంచి చూసి, గేటు దగ్గర ఫొటో తీసుకుని వెనుదిరిగాం. చూసిన మైదానాల పేర్లు రాసుకునే మా పుస్తకంలో దాని పేరు ఎక్కలేదు. నిజం చెప్పాలంటే డ్రాన్‌ఫీల్డ్‌లో చూడదగినదంతా క్లబ్బు పేరులోనే ఉంది, స్థలంలో లేదు. ఆట ఉన్న రోజున మాత్రమే అంత దూరం వెళ్ళడం మంచిది.

శాండీగేట్ సంగతి వేరు. ఊరి నడిబొడ్డు నుంచి 51వ నంబరు బస్సు బ్రూమ్‌హిల్, క్రాస్‌పూల్‌ల మీదుగా పైకి పైకి ఎక్కుతూ పోతుంది. షెఫీల్డ్ కొండల ఊరని వినడమే కానీ, బస్సు కిటికీలోంచి వెనక్కి చూస్తే ఊరంతా పాదాల కింద పరుచుకుని ఉండటం చూశాక ఆ మాట అర్థమైంది. దిగగానే చలిగాలి చెంపల మీద కొట్టింది. కింద స్టేషను దగ్గర సరిపోయిన కోటు ఇక్కడ చాలదు, కాబట్టి వెళ్ళేవారు మఫ్లరూ టోపీ తప్పక వెంట ఉంచుకోవాలి.

ప్లవ్ అనే పాత పబ్బుకు ఎదురుగా, మామూలు ఇళ్ళ వరుసలో మైదానం గేటు ఉంది. 1804 నుంచి ఇక్కడ క్రికెట్ ఆడుతున్నారు. 1860 డిసెంబరు 26న, క్రిస్మస్ మర్నాడు, హాలమ్, షెఫీల్డ్ జట్లు పక్షానికి 16 మంది చొప్పున ఇక్కడ తలపడగా షెఫీల్డ్ 2–0తో గెలిచింది. క్లబ్బుల మధ్య జరిగిన మొట్టమొదటి ఆటగా లోకం గుర్తించింది దానినే. ప్రపంచంలో అతి పాత ఫుట్‌బాల్ మైదానంగా గిన్నిస్ పుస్తకంలో ఎక్కినది కూడా ఈ గడ్డే. గేటు దగ్గర కూర్చున్న పెద్దాయన క్లబ్బుకు జీతం లేకుండా పనిచేసేవారు. పది పౌండ్ల లోపు ప్రవేశ రుసుము కార్డు మీద తీసుకుని, మేము ఎక్కడి నుంచి వచ్చామని అడిగి, హైదరాబాదు పేరు వినగానే ఈ గడ్డ మీద ఏ మూల నిలబడితే గాలి తక్కువగా ఉంటుందో చెప్పారు. ఆ సలహా విలువ మాకు రెండో సగంలో తెలిసింది. బయటి ఊళ్ళ నుంచి మైదానం చూడటానికే వచ్చేవారు ప్రతి వారం కొందరు ఉంటారట.

లోపల అన్నిటికన్నా ముందు కంటికి ఆనేది వాలు. టీవీలో చూసే బల్లపరుపు పచ్చిక ఇది కాదు. నిలబడి చూస్తే ఒక మూల పల్లానికి దిగిపోతున్నట్టు స్పష్టంగా తెలుస్తుంది, బంతి ఆగినట్టే ఆగి పల్లం వైపు దొర్లుతుంది. ఒక పక్క కుర్చీలున్న స్టాండు, మరో పక్క విశాలమైన క్రికెట్ మైదానం, మిగిలిన చోట్ల కమ్మీని ఆనుకుని నిలబడటమే. జనం కొన్ని వందల మంది ఉన్నారు. తాతల చేతులు పట్టుకున్న పిల్లలు, విద్యార్థులు, గొలుసులతో కుక్కలు, మాలాగే చేతిలో పుస్తకం పట్టుకుని తిరిగే మైదాన యాత్రికులు అందరూ కలిసిపోయి కనబడ్డారు. పై శ్రేణుల్లో 1985 నాటి చట్టం ప్రకారం ఆట కనబడే చోట మద్యం తాగకూడదు. ఈ స్థాయిలో ఆ నిషేధం లేదు కాబట్టి కొందరు బీరు గ్లాసులతో కమ్మీ దగ్గరే నిలబడ్డారు, అయినా గొడవ అన్న మాట వినబడలేదు.

తిండి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన వాళ్ళలో శాకాహారులు ఇక్కడే ఇబ్బంది పడతారు. ఇంగ్లండు మైదానాల్లో చలికి వేడివేడిగా అమ్మే బావ్‌రిల్ అనే పానీయం గొడ్డు మాంసం సారంతో చేసినది. టీ అనుకుని పొరపాటున అడగవద్దు. చిప్స్ మీద పోసే గ్రేవీలో కూడా తరచుగా మాంసరసం ఉంటుంది, పోయకముందే అడగాలి. మా కాకినాడ మిత్రుడు శాకాహారి. ఆయనకు ఉడికించి మెదిపిన బఠాణీలూ చిప్సూ ఇప్పించి, మా షెఫీల్డ్ మిత్రుడు వాటి మీద హెండర్సన్స్ రెలిష్ ధారగా పోశాడు. 1885 నుంచి ఈ ఊళ్ళోనే తయారవుతున్న ఈ నల్లటి సాసులో చేప లేదు, మాంసం లేదు, చింతపండూ లవంగమూ వెల్లుల్లీ మిరపపొడీ ఉన్నాయి. మొదటి ముద్దకే కాకినాడ మిత్రుడు ఆగి, "ఇది మన చారు తాలూకు చుట్టమే" అన్నాడు. వచ్చేటప్పుడు మూడు సీసాలు కొనుక్కున్నాడు కూడా. టీ మాత్రం పలుచగా, చాలా సామాన్యంగా ఉంది. మరుగుదొడ్లు పాతవే అయినా శుభ్రంగా ఉన్నాయి. కూర్చునే చోటు తక్కువ కాబట్టి పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్ళేవారు అరగంట ముందే చేరుకోవడం మేలు.

ఆట మూడు గంటలకు మొదలైంది. శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా ఈ దేశంలో టీవీలో ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారం ఉండదు. జనం ఇళ్ళలో కూర్చోకుండా ఇలాంటి చిన్న మైదానాలకు రావాలన్నదే ఆ కట్టుబాటు ఉద్దేశం. ఆట నాణ్యత గురించి పెద్ద ఆశలతో వెళ్ళకూడదు. పాసులు తప్పుతాయి, బంతి ఎక్కువసేపు గాలిలోనే ఉంటుంది. అయితే తెల్లవారితే ఉద్యోగాలకు పోవలసిన మనుషులు ఆ వాలు మీద ఎగువకు పరిగెడుతుంటే వారి ఊపిరి మనకు వినబడుతుంది, గోలీ తన రక్షకులను పేరు పెట్టి పిలిచి ఎక్కడ నిలబడాలో చెప్పడం వినబడుతుంది, బంతి తొడకు తగిలిన చప్పుడు వినబడుతుంది. పెద్ద స్టేడియంలో ఎంత డబ్బు పెట్టినా ఇవి దొరకవు. మొదటి సగంలో పల్లం వైపు ఆడుతున్న జట్టుకు వరుసగా కార్నర్లు, అంటే మైదానం మూల నుంచి బంతి తన్నే అవకాశాలు, దక్కాయి. అప్పుడు మా షెఫీల్డ్ మిత్రుడు కార్నర్ కిక్ అనేదే ఈ ఊరి నియమాల్లో పుట్టిందనీ, ఫుట్‌బాల్ అసోసియేషన్ దానిని 1872లో తీసుకుందనీ గుర్తుచేశాడు. ఆ మాట విన్నాక తర్వాతి కార్నరును నేను కమ్మీ మీద మరింత ముందుకు వంగి చూశాను.

విరామంలో ఇక్కడ ఒక చక్కని ఆచారం ఉంది. తమ జట్టు ఏ గోలు మీద దాడి చేస్తుందో ఆ గోలు వెనక్కి అభిమానులు నడిచి వెళ్ళి నిలబడతారు. మేమూ వారి వెంట నడిచాం. దారిలో ఒకాయన యూడన్ కప్పు కథ చెప్పారు. 1867లో షెఫీల్డ్ నాటకశాల యజమాని థామస్ యూడన్ పేర జరిగిన ఆ పోటీలో హాలమ్ గెలిచింది. బ్రామల్ లేన్‌లో జరిగిన ఆఖరి ఆటకు సుమారు 3,000 మంది వచ్చారు. ఆ వెండి కప్పు తర్వాత ఎక్కడికో పోయి, మళ్ళీ 1997లో గానీ క్లబ్బుకు చేరలేదు. ఆయన ఆ కథను తమ ఇంటి నగ పోయి దొరికినట్టు చెప్పారు.

వింటూ ఉంటే నాకు హైదరాబాదు గుర్తుకు వచ్చింది. 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు ఫుట్‌బాల్ పోటీ గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు, భారత జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికీ నడిపించిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం, సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన ఆటగాడు తులసీదాస్ బలరాం, వీరంతా మన ఊరివారే. ఇలాంటి ఒక శనివారం, పది మంది పెద్దలు గేటు దగ్గర కూర్చుని వారి కథలు చెప్పే మైదానం మనకూ ఉండాలని నాకు గట్టిగా అనిపించింది. వరంగల్ మిత్రుడు కాసేపు మాట్లాడలేదు. వాళ్ళ నాన్నగారు కాజీపేట రైల్వే మైదానంలో బంతి ఆడేవారని తర్వాత చెప్పాడు.

ఆట ఒక్క గోలు తేడాతో ముగిసింది. చివరి పది నిమిషాల్లో గాలి ఎంత పెరిగిందంటే గోల్ కిక్ సగం దారిలోనే నిలిచి వెనక్కి మళ్ళినట్టు అనిపించింది. గేటు దగ్గరి పెద్దాయన చెప్పిన మూలలోనే నిలబడి చూశాం. ఈల వేశాక ఆటగాళ్ళు జనం మధ్య నుంచే లోపలికి నడిచారు. పిల్లలు చేతులు చాపితే ఒక్కరు కూడా తట్టకుండా పోలేదు.

వెళ్ళాలనుకునేవారికి రెండు మాటలు. ఉత్తర ఇంగ్లండులో శరత్కాలం నుంచి వానకు ఆటలు రద్దు కావడం మామూలు. ఉదయమే రెఫరీ పచ్చికను పరిశీలించి నిర్ణయిస్తారు కాబట్టి క్లబ్బు ప్రకటన చూసుకున్నాకనే ఇల్లు కదలాలి, రైలు టికెట్టు కూడా తేదీ మార్చుకోవడానికి వీలైనదే కొనాలి. మేము చవకగా వస్తుందని ఒకే రైలుకు చెల్లే టికెట్లు కొన్నాం. తిరుగు రైలు ఆలస్యం లేకుండా రాగా, కిందికి దిగే బస్సు మాత్రం ఇరవై నిమిషాలు ఆలస్యమై, స్టేషను ముందు ఉన్న ఉక్కు జలశిల్పం పక్క నుంచి నలుగురమూ పరుగెత్తి ఆఖరి నిమిషంలో ఎక్కవలసి వచ్చింది.

తర్వాతి మైదానం ఏదో ఆ రైలులోనే తేల్చుకున్నాం. షెఫీల్డ్ ట్రామ్‌లో మిడిల్‌వుడ్ దాకా పోయి, అక్కడి నుంచి బస్సు ఎక్కితే స్టాక్స్‌బ్రిడ్జ్ వస్తుంది. వారానికి 30 పౌండ్లకు అక్కడ ఆడిన జేమీ వార్డీ 2016లో లెస్టర్ జట్టుతో అన్నిటికన్నా పై శ్రేణి అయిన ప్రీమియర్ లీగ్ గెలిచాడు, ఆ మైదానంలో ఇప్పుడు ఒక స్టాండుకు ఆయన పేరు ఉంది. కాకినాడ మిత్రుడు డ్యూటీ పట్టిక తీసి నవంబరులో రెండు శనివారాలు గుర్తుపెట్టాడు.