చిన్న కారు, వెనకాల డబ్బా: మైపాడు నుంచి భైరవకోన దాకా

సంక్రాంతికి ఊరొచ్చిన బెంగళూరు స్నేహితుడు తన క్యాంపర్ ట్రైలర్‌ను (కారు వెనక తగిలించుకుని లాగే పడకల డబ్బా) మా ఇంటి ముందు వదిలేసి, పది రోజుల తర్వాత వచ్చి తీసుకుపోతాను, ఈలోపు వాడుకోరా అన్నాడు. నెల రోజులుగా ఊరిస్తూనే ఉన్నాడు కాబట్టి నేను ముందే కారుకు హిచ్, అంటే ట్రైలర్ తగిలించే కొక్కెం, బిగించుకుని కూర్చున్నాను. బంపర్‌కు కాదు, కింద ఛాసిస్‌కు బోల్టులు వేసి, ట్రైలర్ కొస కూర్చునే 50 మిల్లీమీటర్ల బాల్ పెట్టించాను. నా కారు 1200 సీసీ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఖాళీగా 900 కిలోల చిల్లర. ట్రైలర్ గుడ్డు ఆకారంలో ఉంటుంది. లోపల ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పిల్ల పడుకోవచ్చు, వెనక తలుపు పైకెత్తితే చిన్న వంటగట్టు. బాత్రూం లేదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మా యాత్ర మొత్తం దాని చుట్టూనే తిరిగింది.

బయల్దేరింది నేను, మా ఆవిడ, నాలుగో తరగతి చదివే మా పాప, మా మామయ్య. మామయ్య ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ట్రైలర్ చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఏందబ్బాయా, ఈ కారుకి ఈ డబ్బానా? లాగుద్దా?" అన్నారు. లాగుతుంది మామయ్యా అన్నాను గానీ నాకూ లోపల టెన్షనే. కారు మాన్యువల్లో ఎంత బరువు లాగొచ్చో ఎక్కడా రాయలేదు. అందుకే సామాన్లన్నీ సర్దాక వేబ్రిడ్జి దగ్గర ట్రైలర్‌ను విడిగా తూకం వేయించాను. 420 కిలోలు. కాటా దగ్గరున్న కుర్రాడు ఇసుక లారీల మధ్య దీన్ని చూసి నవ్వాడు, డబ్బులు మాత్రం లారీకి తీసుకున్నంతే తీసుకున్నాడు.

మొత్తం బరువు కంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉందని మొదటి గంటలోనే తెలిసింది. నెల్లూరు బైపాస్ మీద 75 వేగంలో ఉండగా పక్క నుంచి ఒక కంటైనర్ లారీ దాటింది. ఆ గాలికి ట్రైలర్ పాములా అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. కాలు బ్రేక్ మీదికి పోబోయింది. "బ్రేకు తొక్కబాక, స్టీరింగ్ కదపబాక, యాక్సిలేటర్ వదిలెయ్" అని మామయ్య గట్టిగా అరిచారు. వదిలేశాను, నాలుగైదు ఊపులు ఊగి సర్దుకుంది. పక్కకు ఆపి చూస్తే తప్పు నాదే. నీళ్ల క్యానులు, గ్యాస్ స్టవ్వు, బియ్యం అన్నీ వెనక వంటగట్టులో పెట్టేశాను, దాంతో ట్రైలర్ ముక్కు, అంటే హిచ్ మీద కూర్చునే ముందు కొస, తేలిపోయింది. ఇంట్లో మనుషుల బరువు చూసుకునే మిషన్ ఒకటి డిక్కీలో పడేసుకొచ్చాను, దాన్ని ముక్కు కింద పెడితే 22 కిలోలే చూపించింది. ట్రైలర్ బరువులో సుమారు పది శాతం, అంటే నలభై కిలోల దగ్గర ఉండాలి. క్యానులు ఇరుసుకు ముందుకు జరిపితే 38కి వచ్చింది. ఆ తర్వాత యాత్ర అయ్యేదాకా మళ్లీ ఊగలేదు, నేనూ 65 దాటలేదు. అలాగని ముక్కు మీద మరీ ఎక్కువ వేస్తే కారు వెనక భాగం కుంగి, ముందు చక్రాలు తేలిపోతాయి. ముందు చక్రాలతో లాగే చిన్న కార్లకు అదింకా కష్టం.

ఆ సంగతి ఆ సాయంత్రమే మైపాడులో బాగా తెలిసొచ్చింది. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా పాతిక కిలోమీటర్లు, వరి పొలాలు, రొయ్యల గుంటలు, గుంటల్లో తిరిగే ఏరేటర్ల చప్పుడు, దారి హాయిగా ఉంటుంది. సముద్రం కనబడగానే నాకు బుద్ధి పోయింది. అలల ఎదురుగా తలుపు తీసుకుని టీ తాగాలని తారు రోడ్డు దిగి ఇసుకలోకి పోనిచ్చాను. పది గజాలు. ముందు టైర్లు తిరిగిన కొద్దీ గుంట తవ్వుకుంటున్నాయి, క్లచ్ మాడిన వాసన. వలలు బాగుచేసుకుంటున్న నలుగురు కుర్రాళ్లు వచ్చారు. వాళ్లలో ఒకతను, "ముందు ఆ డబ్బా ఊడదియ్ అన్నా, రెండూ ఒకేసారి రావు" అన్నాడు. నిజమే. హిచ్ విప్పి, ట్రైలర్‌ను చేతుల్తో రోడ్డు మీదికి లాగేశారు, టైర్లలో కాస్త గాలి తీసి కారును నెట్టారు. పావుగంట పని. డబ్బులిస్తే తీసుకోలేదు, పాప చేత బిస్కెట్ ప్యాకెట్లు ఇప్పించాం.

ఆ రాత్రి బీచ్‌కు దగ్గర్లో ఒక చేపల హోటల్ వెనక ఖాళీ స్థలంలో ఆపుకున్నాం. బాత్రూం వాడుకోవడానికి, బోరు నీళ్లకు కలిపి 300 అడిగారు. ఆ స్థలానికి అది న్యాయమే. బాత్రూం తలుపుకు గడియ లేదు, ఎవరో ఒకరు బయట కాపలా ఉండాలి. కానీ వాళ్లు పెట్టిన మామిడికాయ చేపల పులుసు, రాత్రి మిగిలింది పొద్దున ఇంకా బాగుంటుందంటారు కదా, పొద్దున కూడా అడిగి పోయించుకున్నాం. నిద్ర మాత్రం అంతంతే. జనవరి అయినా సముద్రం పక్కన గాలి చెమ్మగా ఉంటుంది, కిటికీలు మూస్తే లోపల గోడలకు నీళ్లు పట్టాయి, తెరిస్తే దోమలు. మామయ్య హోటల్ వాళ్ల నులక మంచం అడిగి బయట వేసుకుని హాయిగా గురకపెట్టారు. మైపాడుకు ట్రైలర్ వేసుకెళ్లాల్సిన పని లేదు, పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు.

మర్నాడు తిరిగి నెల్లూరు వచ్చి, పొదలకూరు, రాపూరు మీదుగా పెంచలకోన. నిమ్మ తోటల మధ్య నుంచి పోయే ఈ దారిలో స్పీడ్ బ్రేకర్లే అసలు పరీక్ష. కారు దాటాక ట్రైలర్ కూడా దాటాలని గుర్తుండదు, మనం యాక్సిలేటర్ తొక్కేస్తాం, వెనక గిన్నెలన్నీ ఎగిరి పడతాయి. మా ఆవిడ లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్పై దగ్గర మానేసింది.

పెంచలకోనకు మాత్రం నేను పది మార్కులు వేస్తాను. మూడు వైపులా కొండలు, చల్లటి గాలి, పెనుశిల లక్ష్మీనరసింహస్వామి గుడి. పార్కింగ్ స్థలం చదునుగా, విశాలంగా ఉంది, ఈ పక్క నుంచి వచ్చి ఆ పక్క నుంచి పోవచ్చు, రివర్స్ చేయాల్సిన పనే లేదు. మామయ్యకు సత్రంలో గది తీసుకున్నాం, ఆ గది బాత్రూమే మా అందరి బాత్రూం. అక్కడితో నాకు సూత్రం దొరికింది: ట్రైలర్ తీసుకెళ్లినా ఒక గది తీసుకోవాలి. గది డబ్బులు మిగులుతాయని ఎవరైనా దీన్ని కొంటే మోసపోతారు. దీనితో తప్పేది పక్క బట్టల శుభ్రత మీద బెంగ, అర్ధరాత్రి పక్క గదుల్లో పెళ్లివాళ్ల గోల, అంతే.

అయితే కోతులున్నాయి. దర్శనానికి వెళ్లొచ్చేసరికి పైకప్పు గాలి కిటికీకి ఉన్న దోమల జాలీ చీల్చి, ఒక పిల్ల కోతి లోపలికి దిగి, అరటిపళ్లు తిని, మా పరుపు మీద తొక్కలు వేసి పోయింది. పాపకు యాత్ర మొత్తంలో ఇదే నచ్చిన ఘట్టం. జాలీ కాదు, గట్టి మూత వేసి తాళం పెట్టాలి. నా స్నేహితుడు బెంగళూరు వాడు, కోతి సంగతి అతనికి తోచి ఉండదు.

మూడో రోజు కలువాయి మీదుగా సోమశిల. పెన్న మీద 78 టీఎంసీల జలాశయం, ఈ నెలలో నీళ్లు నిండుగా కనబడితే కళ్లు చల్లబడతాయి. ఇక్కడ చెప్పాల్సింది నీళ్ల గురించి కాదు, నా రివర్స్ గురించి. చూద్దామని ఒక చిన్న రోడ్డులోకి తిప్పాను, రెండొందల గజాల తర్వాత గేటు, తాళం. వెనక్కి పోవాలి. ట్రైలర్‌ను ఎడమకు తిప్పాలంటే స్టీరింగ్ కుడికి తిప్పాలి, ఈ ముక్క చదివితే తేలిగ్గానే ఉంటుంది, చేస్తే చేతులు మాట వినవు. మూడుసార్లు ట్రైలర్ కారుకు అడ్డంగా మడత పడింది. మామయ్య దిగి వెనక నిలబడి రైట్ రైట్ అంటున్నారు, ఆయన రైట్ అంటే పోనివ్వమని, నాకేమో కుడికని వినబడుతోంది. చివరికి ఆయనే, "నువ్వు దిగబ్బాయా, ముప్పై ఏళ్లు బస్సు తోలినోణ్ణి" అని కూర్చున్నారు. ఆయనకూ రెండుసార్లు మడత పడింది. బస్సుకు మధ్యలో కీలు ఉండదు కదా. ఇక ఎవరం ఎవర్నీ ఏమీ అనకుండా హిచ్ విప్పి, ముక్కు కింద ఉండే చిన్న చక్రం దించి, ఇద్దరం ట్రైలర్‌ను చేతుల్తోనే గిరుక్కున తిప్పేశాం. రెండు నిమిషాలు పట్టింది. తేలిక ట్రైలర్ గొప్పతనం మైలేజీలో కాదు, ఇందులో ఉంది. వెయ్యి కిలోలది అయ్యుంటే మేం ఇంకా ఆ గేటు దగ్గరే ఉండేవాళ్లం.

మైలేజీ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, మామూలుగా 18 ఇచ్చే కారు పన్నెండున్నర ఇచ్చింది.

ఆత్మకూరు మీదుగా ఉదయగిరి చేరేసరికి సాయంత్రమైంది. ఒక లాడ్జికి పొద్దునే ఫోన్ చేసి, కారు వెనక ట్రైలర్ ఉంటుంది, స్థలం ఉందా అని విడమర్చి అడిగితే, "లారీ కూడా పడుద్ది సార్" అన్నాడు. వెళ్లి చూస్తే గేటు ఆటో పట్టేంత. అడ్వాన్సు ఫోన్లో పంపేశాను, తిరిగి ఇవ్వలేదు. కొత్త చోట గేటు ఫొటో అడగండి, గది ఫొటో తర్వాత. ఆ రాత్రి ఊరి బయట ఒక పెట్రోల్ బంకులో, మేనేజర్‌ను అడిగి, ట్యాంక్ నింపించి, ఒక పక్కన పడుకున్నాం. వెలుతురు ఉంది, కాపలా ఉంది, బాత్రూం ఉంది, అదీ శుభ్రంగా ఉంది. రాత్రంతా వచ్చిపోయే లారీల మోత, కానీ మైపాడు కంటే బాగా నిద్రపట్టింది. ఆపే ముందు గ్యాస్ సిలిండర్ వాల్వ్ కట్టేశాం, వంట చేసుకోలేదు, బంకులో అది చెప్పక్కర్లేదనుకుంటాను.

పొద్దున ట్రైలర్‌ను అక్కడే ఉంచి ఉదయగిరి కోట ఉన్న కొండ దగ్గరికి కారులో వెళ్లాం. శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా గజపతి రాజుల నుంచి ఈ దుర్గాన్ని 1514లో గెలిచి, ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లి గుడి కట్టించాడు. కింద నిలబడి ఆ కొండను చూస్తే, ముట్టడి అన్ని నెలలు ఎందుకు సాగిందో మోకాళ్లకు అర్థమవుతుంది. సగం దాకా ఎక్కి దిగాం. ఊళ్లో కొయ్య గరిటెలు, చెంచాలు చేసేవాళ్ల దగ్గర అరగంట కూర్చున్నాం. జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన పని ఇది, ఎంత సన్నగా చెక్కుతారో. మా ఆవిడ ట్రైలర్ వంటగట్టుకని ఒక గరిటె, నాలుగు చెంచాలు కొంది.

అక్కడి నుంచి సీతారామపురం మీదుగా భైరవకోన. ఒకే కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం, నల్లమల గాలి. రాతిలోనే స్తంభాలు, రాతిలోనే ద్వారపాలకులు. పాప ఎనిమిదీ లెక్కపెట్టే దాకా కదలనివ్వలేదు. నేను ఎక్కువసేపు చూసింది గుహలనే, ట్రైలర్ గురించి ఒక్కమాటే: దాన్ని కింద ఊళ్లోనే వదిలి రావాల్సింది. చివరి ఎత్తుల్లో రెండో గేరు కూడా చాలలేదు, మొదటి గేరులో పాకించాను. దిగేటప్పుడు ఇంకా భయం. ట్రైలర్‌కు సొంత బ్రేకులు లేవు, మొత్తం కారే ఆపాలి, మొదటి గేరులోనే దించాను, వెనక బైకుల వాళ్లు హారన్లు కొట్టినా పట్టించుకోలేదు. కింద ఆగి ట్రైలర్ చక్రాల మధ్యభాగం ముట్టుకుని చూస్తే గోరువెచ్చగానే ఉన్నాయి, చెయ్యి కాలితే బేరింగు సంగతి చూసుకోవాలి.

ఆ రాత్రి పామూరులో మా ఆవిడ పిన్నిగారింట్లో. ఇంట్లో అంటే ఇంటి ముందు. మేం ట్రైలర్‌లో పడుకుంటామని చెప్పగానే పిన్నిగారి ముఖం మాడిపోయింది. "ఇంట్లో మూడు మంచాలుండగా రోడ్డు మీద డబ్బాలో పడుకుంటారంటే ఊళ్లో నన్నేమనుకుంటారే?" అని మా ఆవిడను కడిగేసింది. ఆ ప్రశ్నకు జవాబు లేదు. లోపలే పడుకున్నాం. ట్రైలర్‌లో వీధి పిల్లలంతా రాత్రి తొమ్మిది దాకా ఆడుకున్నారు, పొద్దున పెద్దవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తల లోపలికి పెట్టి చూసి, ఎంతయ్యింది, ఏసీ ఉందా, బాత్రూం ఏదీ అని ఇదే వరసలో అడిగారు.

చివరి రోజు కందుకూరు మీదుగా సింగరాయకొండ. అప్పటికి బుద్ధి వచ్చింది కాబట్టి హైవే పక్కన భోజనం చేసిన హోటల్లోనే అడిగి ట్రైలర్ వదిలి, హిచ్‌కు తాళం వేసి, ఉత్త కారుతో పాకల బీచ్‌కు వెళ్లొచ్చాం. ఇసుక అంచున తారు మీదే ఆపాను. వచ్చేటప్పుడు సింగరాయకొండ వరాహ లక్ష్మీనరసింహస్వామి దర్శనం, ఒకే యాత్రలో ఇద్దరు నరసింహస్వాములని మామయ్యకు తృప్తి. తిరుగు దారిలో ఒక టోల్‌గేటు దగ్గర ఇది కారా, కమర్షియలా అని పది నిమిషాలు నిలబెట్టారు. ట్రైలర్‌కు విడిగా రిజిస్ట్రేషన్ ఉంటుంది, దాని కాగితాలు, ఇన్సూరెన్సు చేతికందేలా పెట్టుకోబట్టి సరిపోయింది.

కొంటావా అని స్నేహితుడు అడిగాడు. మా వీధిలో పెట్టుకోవడానికి చోటు లేదు, ఏడాదికి రెండుసార్లు తిరిగే దానికి అంత డబ్బు పెట్టను, వచ్చే సంక్రాంతికి మాత్రం తప్పకుండా తీసుకురా అన్నాను. ఈసారి పెంచలకోనలో మూడు రాత్రులు దాన్ని కదలకుండా ఉంచి, చుట్టుపక్కల కారులో తిరుగుతాం. జాలీ మా వీధి టైలర్ 150కి కుట్టిచ్చాడు. బండి బెంగళూరు చేరాక మా ఆవిడకు గుర్తొచ్చింది, ఉదయగిరి గరిటె అందులోనే ఉండిపోయింది. అడిగితే అతను, "అది బండితో పాటు వచ్చింది కదరా" అంటున్నాడు.