గ్రీకు కైలిక్స్ నకలు కొనేముందు దాని నలుపును చూడండి

ఏథెన్స్‌లో పర్యాటకులు ఎక్కువగా తిరిగే ప్లాకా వీధుల్లో కైలిక్స్ నకళ్లు రెండు రకాలు దొరుకుతాయి. పాతకాలపు గ్రీకులు విందుల్లో వైన్ తాగిన పాత్ర కైలిక్స్. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ, కింద కాడ, చెరో పక్కన ఒక పిడి. మొదటి రకానికి నల్లరంగు వేసి వార్నిష్ కొడతారు. రెండోది పాత పద్ధతిలో కాల్చినది, డబ్బు పెడితే దీనికే పెట్టాలి.

నిజమైన కైలిక్స్ మీద నలుపు కూడా మన్నే. ఇనుము ఎక్కువున్న బంకమన్నును నీళ్లలో కలిపి, ముతక అడుక్కి దిగాక పైన మిగిలే సన్నటి మన్నుతో పూత వేస్తారు. మిగతాదంతా ఆవంలో జరుగుతుంది. ముందు గాలి ఆడనిచ్చి సుమారు 800 డిగ్రీల దాకా కాలుస్తారు, అంతా ఎర్రగా వస్తుంది. తర్వాత గాలి మూసి, పచ్చికట్టెల పొగలో 900 దాటిస్తే అంతా నల్లబడి, పూత గాజులా బిగుసుకుంటుంది. చివర్లో మళ్లీ గాలి వదిలితే గుల్లగా ఉన్న ఒళ్లు ఎర్రబడుతుంది. బిగిసిన పూతలోకి గాలి చొరదు కనుక అది నల్లగానే ఉండిపోతుంది. పూత పలచనైనా, రెండో దశలో వేడి చాలకపోయినా ఎర్రమచ్చలు తేలతాయి. ఈ కిటుకును 1942లో జర్మనీలో థియోడర్ షూమన్ అనే రసాయన శాస్త్రవేత్త మళ్లీ పట్టుకున్నారు.

ఎర్రబొమ్మల కైలిక్స్ అయితే బొమ్మ అంచును దగ్గరగా చూడండి. బొమ్మ ఎరుపు పాత్ర మన్నుదే అయి ఉండాలి, నలుపు దాని చుట్టూ నింపి ఉండాలి. అసలు పాత్రల్లో ముందు బొమ్మ చుట్టూ సుమారు 3 మిల్లీమీటర్ల నల్లపట్టీ గీసి, ఆ తర్వాతే బొమ్మ వెనక మిగతా ఖాళీని నింపేవారు. మంచి నకలులో ఆ పట్టీ పక్కవాటు వెలుగులో కాస్త ఎత్తుగా తెలుస్తుంది. నలుపు మీద నారింజరంగు దిద్ది ఉంటే అది రంగు సరుకే, వదిలేయండి.

ఎక్కువగా అమ్మే బొమ్మ, గ్రీకుల వైన్ దేవుడు డయోనిసస్ పడవ. క్రీ.పూ. 530 ప్రాంతంలో ఎక్సేకియాస్ చేసిన అసలు పాత్ర మ్యూనిక్‌లో ఉంది. దాని లోపలి పగడపు ఎరుపు విడిగా వేసిన మరో పూత. నకలులో దాని బదులు వట్టి మన్నురంగే కనిపిస్తే ధర తగ్గించమని గట్టిగా అడగవచ్చు.

రంగు వేసినవాటిలో ఏదీ తాగొద్దు. కాల్చినదాంట్లోనూ పూత లేని మన్ను వైన్‌ను పీల్చుకుని మరక పడుతుంది, కాబట్టి అలంకారానికే మేలు. కాడ, గిన్నె విడిగా చేసి అతికిస్తారు, విరిగితే ముందు అక్కడే విరుగుతుంది. అందుకే ఎత్తేటప్పుడు పిడి పట్టుకోకుండా గిన్నె కింద అరచెయ్యి పెట్టండి.