నెల్లూరులో పెన్‌డ్రైవ్ పాటలు: జీబీల లెక్కన అమ్మే సంగీతం

నెల్లూరు ట్రంక్ రోడ్డు చుట్టుపక్కల సందుల్లో, ఫోన్ కవర్లు, ఛార్జర్లు వేలాడే చిన్న కొట్లలో ఇంకా నడుస్తున్న బేరం ఒకటుంది. పెన్‌డ్రైవ్‌కో మెమరీ కార్డుకో పాటలెక్కించి ఇవ్వడం. కార్లు, ఆటోలు, ట్రాక్టర్లు, టీ అంగళ్లు దీనికి గిరాకీ. కొట్లో అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని జీబీ అన్నా?" రెండోది "పాతవీ కొత్తవీ కలిపి వేసేదా?" ఎవరి పాటలు, ఏ సినిమావి అన్న మాట మూడో ప్రశ్నగా కూడా రాదు. ఇక్కడ చెప్పేది ఏ ఒక్క కొట్టు గురించో కాదు, ఆ సరుకు గురించి.

ముందు తూకం చూద్దాం. 16 జీబీ డ్రైవ్‌లో వాడకానికి మిగిలేది సుమారు 14.5. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) ఎంపీ3 నిమిషానికి ఒక ఎంబీ లోపే తింటుంది కాబట్టి, నాలుగున్నర నిమిషాల పాటలు 3,000 పైచిలుకు పడతాయి. అవన్నీ ఒక్కసారి వినడానికి 225 గంటలు. నెల్లూరు నుంచి ఒంగోలుకి హైవే మీద రెండు గంటలనుకుంటే, నూటపది సార్లు పైగా వెళ్లాలి. మరి అందులో వినేవెన్ని? మొదటి నలభై. డ్రైవ్ తీసి పెట్టిన ప్రతిసారీ చాలా స్టీరియోలు మళ్లీ మొదటి ఫైలు నుంచే ఎత్తుకుంటాయి. ఆ నలభై అరిగిపోయాక ఇక వేలు నెక్స్ట్ బటన్ మీదే. పల్లవి అయ్యేలోపే పాట మారిపోతుంది, చరణం దాకా వెళ్లేది తక్కువ. క్యాసెట్‌లో పాట దాటాలంటే ఫార్వర్డ్ నొక్కాలి, ఆపాలి, ఎక్కువ పోతే వెనక్కి తిప్పాలి. ఆ బద్ధకం పుణ్యమా అని బి సైడులో మూడో పాట కూడా నాలుగోసారికి చెవికెక్కేది.

నాణ్యత దగ్గరికొస్తే, ఫైలు పేరులో 320 (కేబీపీఎస్, అంటే ఎక్కువ నాణ్యత) అని ఉంటే నమ్మొద్దు. యూట్యూబ్ నుంచి లాగిన ఆడియోనో, పాత 128 ఫైలునో 320కి మార్చి పెడతారు. సైజు రెండింతలు దాటుతుంది, పోయిన శబ్దం మాత్రం తిరిగి రాదు. స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిస్తే గ్రాఫ్ కనిపిస్తుంది. అసలు 320 అయితే రంగు 20 కిలోహెర్ట్జ్ దాకా పోతుంది. 128 నుంచి పెంచినదైతే 16 దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. చెవికి తెలిసేది తాళాలు, మువ్వలు, సింబల్స్ దగ్గర. గలగల పోయి ఇసకలో కాలీడ్చినట్టు ఉంటుంది. ఆటో స్పీకర్లో ఈ తేడా వినపడదు, టీ అంగడికి ఆ మాత్రం చాలు. కారులో మంచి స్పీకర్లు బిగించి ఈ ఫైళ్లు వేయడం డబ్బు దండగ.

లీకైన పాటల సంగతి ఇంకా అన్యాయం. 2022 ఫిబ్రవరిలో ‘సర్కారు వారి పాట’ సినిమాలోని ‘కళావతి’ పాట ముందే బయటికి రావడంతో 14న ఇవ్వాల్సినదాన్ని 13నే విడుదల చేయాల్సొచ్చింది. అసలు పాట వచ్చాక లీకు కాపీ పోతుందనుకుంటాం. కొట్టు హార్డ్‌డిస్క్‌లో అలా జరగదు. అదే పేరుతో ఫైలుంటే విండోస్ "మార్చాలా, వదిలేయాలా" అని అడుగుతుంది. గిరాకీ నిలబడి ఉంటారు కదా, వదిలేయమనే నొక్కుతారు. మిక్సింగ్ పూర్తికానిదో, ఫోన్లో పట్టినదో, ఆ కాపీయే ఏళ్ల తరబడి డ్రైవ్ నుంచి డ్రైవ్‌కి పాకుతుంది. వినేవాళ్లు "బీటు వీక్‌గా ఉందే" అని సంగీత దర్శకుణ్ణి తిడతారు.

పేర్ల విషయం ఇంకో తలనొప్పి. ‘బాలు హిట్స్’ ఫోల్డర్లో మనో పాడినవి కలిసిపోవడం మామూలే. తిప్పరాజువారి వీధిలోని తన ఇంటిని 2020లో బాలు వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చిన ఊరిది. పాటల రచయిత ఆత్రేయ పుట్టిన మంగళంపాడు పాత నెల్లూరు జిల్లాలోదే. అయినా డ్రైవ్ మొత్తం వెతికినా పాట రాసినవాళ్ల పేరు దొరకదు. రచయిత పేరుండాల్సిన గడిలో ఏదో వెబ్‌సైటు పేరుంటుంది. క్యాసెట్ లోపలి అట్ట మీద చిన్నక్షరాల్లోనైనా ఆ పేరు ఉండేది.

మిగతా తిప్పలు తొందరగా: చవక డ్రైవ్‌లలో 64 జీబీ అని రాసి లోపల 8 మాత్రమే ఉండేవి ఉన్నాయి, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో పరీక్షించుకోవచ్చు. కాపీ ముగియకముందే లాగేస్తే ఫైళ్ల పేర్లు ఉంటాయి, పాట ఉండదు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా కనిపిస్తే అది వైరస్. ఇక ఇది చట్టానికీ విరుద్ధమే. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి.

ఇంట్లో పాత ఆడియో సీడీలుంటే ఆ పని సొంతంగా చేసుకోవచ్చు. ఆడియో సీడీ అంటే 74 నుంచి 80 నిమిషాలది. ప్లాట్‌ఫాం మీద అమ్మిన నూటయాభై పాటల ఎంపీ3 సీడీ కూడా ఈ కొట్టు సరుకు లాంటిదే, అది పనికిరాదు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్‌తో, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫార్మాట్‌లో దింపి దాచుకోండి, కారు కోసం వాటి నుంచి 320 ఎంపీ3 చేసుకోండి. సీడీలు లేనివాళ్లు ఐట్యూన్స్ స్టోర్లో విడి పాటలు కొనుక్కోవచ్చు, 256 కేబీపీఎస్ ఏఏసీ ఫార్మాట్‌లో వస్తాయి. పాత స్టీరియోలు కొన్ని ఆ ఫార్మాట్ చదవవు, ముందు ఒక పాటతో చూసుకోండి.

ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో గాయకుడు, రచయిత, సంగీతం గడులు నింపి ఐడీ3 (ఫైల్లో పాట వివరాలు దాచే పద్ధతి) వెర్షన్ 2.3గా సేవ్ చేయాలి. 2.4 అయితే కొన్ని పాత స్టీరియోలు ఖాళీగా చూపిస్తాయి. తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనిపిస్తే ఇంగ్లీషు లిపిలో రాయక తప్పదు, చిరాకే. ఒక పాట గట్టిగా, ఒకటి మెల్లగా రాకుండా ఎంపీ3గెయిన్ అనే సాఫ్ట్‌వేర్‌లో అన్నిటినీ 89 డెసిబెల్స్‌కి తెచ్చుకోండి. డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. చాలా స్టీరియోలు పేరు వరసలో కాకుండా కాపీ అయిన వరసలో వాయిస్తాయి కాబట్టి 01, 02 అని పేర్లు పెట్టి, ఒక్కో ఫోల్డర్నీ అదే వరసలో విడివిడిగా ఎక్కించండి. ఫోల్డర్‌కి 12 పాటల చొప్పున 20 ఫోల్డర్లు వేసినా 3 జీబీ నిండదు.

అంతా అయ్యాక కూడా పాటలు అడ్డదిడ్డంగా వస్తుంటే స్టీరియో తెర మీద ఆర్‌డీఎం (ర్యాండమ్, అంటే వరస లేకుండా వాయించడం) అని వెలుగుతోందేమో చూడండి. ఉంటే ఆపేయండి.