జో మిల్లర్ జోకుల పుస్తకం: సరుకు సరే, ఈ రీప్రింట్ మాత్రం వద్దు

ఎవరైనా అరిగిపోయిన జోకు వేస్తే మనం "పాత చింతకాయ పచ్చడి" అనేస్తాం కదా, ఇంగ్లండ్‌లో ఒకప్పుడు "అదో జో మిల్లర్" అనేవాళ్లు. ఆ మాటకు కారణమైన పుస్తకం, 'జో మిల్లర్స్ జెస్ట్స్', 1739లో లండన్‌లో అచ్చయింది. దాని రీప్రింట్ కనిపించగానే ఆగలేక ఆర్డర్ పెట్టేశాను.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. ఆ కాలపు అచ్చులో 'ఎస్' అక్షరం చాలాచోట్ల పొడుగ్గా ఉండి అచ్చం 'ఎఫ్' లాగే కనబడుతుంది. ఈ పబ్లిషర్ ఎవరో గానీ పాత పేజీలు స్కాన్ చేసి, కంప్యూటర్ ఏం చదివితే అదే అచ్చేసి వదిలాడు, ఇక 'సెడ్' ఉండాల్సిన చోటల్లా 'ఫెడ్'. పంచ్ దగ్గరికొచ్చేసరికి నవ్వాలా, అక్షరాలు దిద్దుకోవాలా? నేను అట్ట తెరిచేసరికి రిటర్న్ గడువు దాటిపోయింది, అది నా ఖర్మ.

లోపలి సరుకు మాత్రం భలే ఉంది. మిల్లర్ డ్రూరీ లేన్ నాటకశాలలో హాస్యనటుడు, 1738లో పోయాడు. మరుసటి ఏడాదే జాన్ మాట్లీ అనే రచయిత 247 జోకులు పోగేసి, తన అసలు పేరు దాచుకుని, పోయినాయన పేరు అట్ట మీద వేసేశాడు. ఇంతా చేస్తే మిల్లర్ కనిపించేది మూడే మూడు జోకుల్లో! పుస్తకం మళ్లీ మళ్లీ అచ్చవుతూ, ఉబ్బుతూ అందరి నోళ్లలో నలిగాక పాత జోకు ఏదైనా ఆయన ఖాతాలోకే పోయింది. డికెన్స్ రాసిన 1843 నాటి కథ 'ఎ క్రిస్మస్ కేరల్'లో పిసినారి స్క్రూజ్ కూడా ఆయన పేరెత్తుతాడు.

ఆ మూడింటిలో ఒకటి చెప్తా. చేపలమ్మే ఆవిడ పనిపిల్లను వెంటేసుకుని "సోల్స్ కొనండి, మెయిడ్స్ కొనండి" అని అరుచుకుంటూ పోతుంటే, టావెర్న్ కిటికీ దగ్గర కూర్చున్న మిల్లర్ "ఓసి పాపిష్టిదానా, నీ ఆత్మ అమ్ముకున్నది చాలక పనిపిల్లది కూడా అమ్ముతున్నావా" అంటాడు. రెండూ చేపల పేర్లే, కాకపోతే చెవికి సోల్ అంటే ఆత్మ, మెయిడ్ అంటే పనిపిల్ల. ఇంత వివరించాక నవ్వేం వస్తుంది అంటారా, నాకైతే వచ్చింది.

కొనాలనుంటే పాత పేజీల ఫొటోలు ఉన్నవి ఉన్నట్టు వేసిన ఎడిషన్ చూసుకోండి, పొడుగు 'ఎస్'కి కళ్లు నాలుగైదు పేజీల్లో అలవాటు పడిపోతాయి. దీనికి రెండు స్టార్లు, రెండూ ఆ చేపలావిడకే.