నాలుగు రోజుల బైకు ప్రయాణం: బసలు, బంకులు, టైర్లలో గాలి

ఈసారి బయల్దేరే ముందు మా ఆవిడతో ఒక మాట అనుకున్నాం. గది ఎలా ఉన్నా సర్దుకోవాలి, బండి నిలిపే చోటు చూశాకే బస ఖాయం చేయాలి. కారణం టైర్లు. టైరులో గాలి ఎంతుందో నిజంగా తెలిసేది టైరు చల్లగా ఉన్నప్పుడే, అంటే బండి కనీసం మూడు గంటలు ఎండ తగలకుండా, కదలకుండా ఉన్నాకే; అందుకు తెల్లవారుజాము అనువు.

మా బండి చైన్ కవర్ మీది స్టిక్కర్ ప్రకారం ముందు టైరుకు 29 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం). వెనుక టైరుకు ఒక్కరే అయితే 29, ఇద్దరైతే 33. టైరు పక్క భాగంలో ఇంతకంటే పెద్ద అంకె ఒకటి ఉంటుంది. అది టైరు గరిష్ఠ బరువు మోసేటప్పటి గాలి లెక్క, మనం నింపాల్సిన కొలత కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

మొదటి రోజు ఊరు దాటే ముందు ఒక బంకులో గాలి కొట్టించాను. అక్కడి కుర్రాడు అడగకుండానే, లగేజీ ఉంది కదా అని, మెషీన్‌ను 40కి పెట్టాడు. వద్దనేలోపు రెండు టైర్లూ నిండిపోయాయి. అక్కడే సరిచేయించకపోవడం నా తప్పు. కంకర తేలిన చోటల్లా ముందు చక్రం ఎగిరింది. వానకు తడిసిన ఒక మలుపులో వెనుక చక్రం కాస్త జారింది. గాలి ఎక్కువైతే టైరు నేలను తాకే భాగం చిన్నదవుతుంది, పట్టు తగ్గుతుంది. చదివి తెలిసిన విషయమే కానీ, వెనుక మనిషి కూర్చుని ఉన్నప్పుడు ఒంటికి తెలియడం వేరు.

ఆ రాత్రి బసలో గది మామూలుగా ఉంది. పార్కింగ్ మాత్రం నేను చూసిన వాటిలో మంచిది: కింది అంతస్తు, చదునైన నేల, ఎండ పడదు. పొద్దున ఐదున్నరకు సొంత గేజ్ పెట్టి చూస్తే ముందు 38, వెనుక 39. కొంచెం కొంచెంగా వదులుతూ 29, 33కి తెచ్చాను. రెండో రోజు బండి వేరే బండిలా నడిచింది. స్పీడ్ బ్రేకర్ దగ్గర నడుముకు దెబ్బ తగల్లేదు.

మధ్యాహ్నం హైవే పక్కన పంక్చర్ షాపు దగ్గర ఆగాం. వాల్వ్ మూత ఒకటి ఎక్కడో పడిపోయింది. షాపతను మూత పెడుతూ గాలి చూసి, వెనుక 37 ఉంది, ఎక్కువైంది, తీసేస్తానన్నాడు. వద్దన్నాను. పరుగు మీద ఉన్న టైరు వేడెక్కి లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే సుమారు ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. వేడి మీద ఆ నాలుగూ తీసేస్తే మర్నాడు పొద్దునకు 29కి పడిపోతుంది, ఇద్దరి బరువుకు అది చాలదు. గాలి తక్కువైన టైరు పక్కలు ఎక్కువగా వంగుతాయి, మరింత వేడెక్కుతుంది, హ్యాండిల్ బరువెక్కుతుంది. అతను వినడమే కాదు, మూతలో రబ్బరు వాషర్ ఉందో లేదో చూసి మరీ బిగించాడు. పనితనంలో ఈ ప్రయాణం మొత్తానికి అతనికే ఎక్కువ మార్కులు.

పొద్దుటి కొలతకూ వేడి మీది కొలతకూ తేడా చూడటం నాకు బాగా పనికొచ్చింది. సుమారు పదో వంతు పెరిగితే నింపినది సరిపోయినట్టే. అంతకంటే బాగా ఎక్కువ పెరిగితే పొద్దున తక్కువ నింపామని అనుమానించాలి. ఇది రైడర్ల లెక్క. స్టిక్కర్‌ను కాదని దీన్నే పట్టుకోకూడదు.

రెండో బస గది చక్కగా ఉంది, బండికే చోటు లేదు. తూర్పు గోడ పక్కన నిలపమన్నారు. ఏడింటికి లేచి చూసేసరికి వెనుక టైరు మీద ఎండ, ముందు టైరుకు నీడ. ముందు 29 సరిగ్గానే ఉంది, వెనుక 35 చూపించింది. ఆ కొలతను నమ్మి గాలి తీయలేదు. అందుకే ఈ బసకు మళ్లీ వెళ్తే ఐదున్నరకే లేవాలి.

మూడో రోజు ఘాట్ రోడ్డెక్కి, 1,200 మీటర్ల ఎత్తున బస చేశాం. నాకు ఎంతో నచ్చిన విషయం ఇక్కడే తెలిసింది. కింద 29 డిగ్రీలున్న పొద్దు, పైన 15. చలికి రెండు పీఎస్‌ఐ తగ్గుతుందని చిన్న పంపు సిద్ధంగా పెట్టుకున్నాను. గేజ్ చూస్తే వెనుక 33 దగ్గరే ఉంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది, గేజ్ చూపేది లోపలికీ బయటికీ ఉన్న తేడానే. చలి తగ్గించిన రెండునూ ఎత్తు తిరిగి ఇచ్చేసింది. ఏమీ ముట్టుకోకుండానే దిగాను, కింద కూడా సరిగ్గానే ఉంది. మలుపుల్లో బండి చెప్పినట్టు విన్నది, బ్రేకు పడ్డ చోట పట్టు దొరికింది.

ఆ బస వాళ్లు రాత్రంతా రేకుల షెడ్డులో బండి పెట్టనిచ్చారు, తాళం ఇచ్చారు, పొద్దున లైటు కూడా వేశారు. నీళ్లు ఆలస్యంగా వచ్చాయి, నాకు అది పెద్ద విషయం కాదు.

నాలుగో రోజు మా ఆవిడ చెల్లెలింట్లో ఆగిపోయింది, లగేజీ కూడా ఆమె దగ్గరే ఉండిపోయింది. వెనుక 33తో ఒక్కణ్ణే నడిపితే ప్రతి గుంతా తెలిసింది. ఓ చెట్టు నీడన మూడు గంటలు ఆగి, టైరు చల్లబడ్డాక 29కి దించాను. మిగతా దారి హాయిగా సాగింది. ఇంటికి చేరాక రాత్రి బండి అలాగే వదిలేసి, పొద్దున ఐదున్నరకు మళ్లీ చూశాను: ముందు 29, వెనుక 29.